మూడు పోటీలు, మూడు తిరస్కరణలు: లోపం చిత్రంలో ఉందా, నేను పంపిన తీరులో ఉందా?

నీటిరంగు_నీడ
ఉద్యోగం చేసుకుంటూ, మిగిలిన వేళల్లో బొమ్మలు వేసుకునేవాణ్ణి. ఎవరి దగ్గరా కూర్చుని నేర్చుకోలేదు. ఎనిమిదేళ్ళుగా నీటిరంగులే వాడుతున్నాను. గడిచిన ఏడాదిన్నరలో ఒకే చిత్రాన్ని మూడు పోటీలకు పంపాను. మూడింటిలోనూ మొదటి వడపోత దాటలేదు. మూడు చోట్ల నుంచీ ఇంచుమించు ఒకే ఉత్తరం వచ్చింది: ఎంట్రీల ప్రమాణం చాలా ఉన్నతంగా ఉన్నందువల్ల మీ చిత్రాన్ని ఎంపిక చేయలేకపోయామని చింతిస్తున్నాము, మళ్ళీ పాల్గొనండి. ఏది బాగాలేదో ఒక్క ముక్క కూడా లేదు.

ఆ చిత్రం ఏమిటంటే, కిటికీ గట్టు మీద సగం నీళ్ళున్న గాజు గ్లాసు. ఎండ గ్లాసులోంచి దూరి గట్టు మీద పడినప్పుడు, నీడ మధ్యలో వంకరగా ఒక వెలుగు చార కనబడుతుంది. ఆ చారను నేను రంగుతో వేయలేదు. చుట్టూ నీడను ఆరు పూతలుగా, ప్రతి పూతా పూర్తిగా ఆరేదాకా ఆగి వేసుకుంటూ వచ్చి, అక్కడ మాత్రం కాగితపు తెలుపును అలాగే వదిలిపెట్టాను. చిత్రమంతా ఆ వదిలేసిన చోటు కోసమే వేశానంటే అతిశయోక్తి కాదు.

మూడో పోటీలో మొదటి బహుమతి పొందినది పెన్సిలుతో గీసిన ఒక ముసలాయన ముఖం. ముడతలన్నీ లెక్కపెట్టుకోవచ్చు. అది ఫోటోను చూసి గీసినదని ఎవరికైనా తెలుస్తుంది. నా ప్రశ్న సూటిగా అడుగుతాను: శ్రమ కంటికి కనబడితే తప్ప న్యాయనిర్ణేతలు లెక్కలోకి తీసుకోరా? లేక నా చిత్రమే అంతంతమాత్రమా?

చెరిపే_రబ్బరు
మూడుసార్లకే ఇంత బాధా? నాకు వచ్చిన చింతిస్తున్నాము ఉత్తరాల వెనకవైపు పది పన్నెండు స్కెచ్చులు గీసుకున్నాను. కాగితం నాణ్యత మాత్రం మెచ్చుకోవలసిందే.

సీసపు_మొన
ముసలాయన ముఖం గురించి మీరు రాసిన వాక్యం నొప్పించింది. నేనూ పెన్సిలు పోర్ట్రెయిట్లే గీస్తాను. ఫోటోను ముందు పెట్టుకున్నంత మాత్రాన బొమ్మ దానంతట అదే కాగితం మీదికి దిగిపోదు. గట్టి 2హెచ్ పెన్సిలు నుంచి మెత్తటి 8బి పెన్సిలు దాకా ఏ చోట ఏది వాడాలో, గ్రాఫైట్ మెరుపు రాకుండా చీకటిని ఎంతవరకు నింపాలో తేల్చుకోవడానికే ఏళ్ళు పడుతుంది. అడగవలసినది వేరే ఉంది. ఆ ఫోటో ఎవరు తీసినది? స్వయంగా తీసినదైతే ఎవరికీ అభ్యంతరం ఉండకూడదు. ఇంటర్నెట్‌లో దొరికిన మరొకరి ఫోటో అయితే, దాన్ని వాడుకునే హక్కు చిత్రకారుడికి లేనట్టే. చాలా పోటీల నియమాల్లో ఈ మాట స్పష్టంగానే ఉంటుంది.

నీటిరంగు_నీడ
మన్నించండి, ఆ మాట కోపంలో వచ్చింది. ఆ ఫోటో ఎవరిదో నాకు తెలియదు.

ఒకప్పటి_జ్యూరీ
ఒక పోటీకి రెండేళ్ళు వరుసగా న్యాయనిర్ణేతగా కూర్చున్నాను కాబట్టి గదిలోపల ఏం జరుగుతుందో చెప్పగలను. మొదటి వడపోతలో మేము చిత్రాలను చూడలేదు, చిత్రాల ఫోటోలను చూశాము. వందల సంఖ్యలో వచ్చిన ఫైళ్ళను ముగ్గురం ఒక తెర మీద వరుసగా చూస్తూ, ఒక్కో దానికి ఉంచుదాం, తీసేద్దాం, మళ్ళీ చూద్దాం అనే మూడు మాటల్లో ఒకటి చెప్పుకుంటూ పోయాము. ఒక్కో చిత్రానికి దక్కింది కొన్ని సెకన్లే. అది అన్యాయమని మీరంటే నేను కాదనను. అయితే ఆ కొన్ని సెకన్లలో కూడా బలమైన కూర్పు ఉన్న చిత్రం ఆపుతుంది. వెలుగునీడల అమరిక సరిగా ఉన్నది గోరంత సైజులో చూసినా నిలబడుతుంది.

రెండో వడపోతలోనే అసలు చిత్రాలు తెప్పించుకున్నాము. అక్కడ మాకు రెండు విధాలుగానూ ఆశ్చర్యం ఎదురైంది. ఫోటోలో వెలిగిపోయిన ఒకటి రెండు చిత్రాలు ఎదురుగా పెట్టి చూస్తే చప్పగా ఉన్నాయి. అంచుల్లో తడబాట్లు, తొందరగా ముగించిన నేపథ్యం అప్పుడు బయటపడ్డాయి. మరి ఫోటో బాగాలేక మేము తీసిపారేసినవాటిలో ఎదురుగా చూస్తే వెలిగేవి ఎన్ని ఉండేవో చెప్పడం సాధ్యం కాదు, ఎందుకంటే అవి ఎదురుగా రానేలేదు. మీ గ్లాసు చిత్రం ఫోటో ఎలా తీశారు?

నీటిరంగు_నీడ
ఫ్రేము కట్టించాక, గోడకు తగిలించి, రాత్రి దీపం వెలుగులో ఫోనుతో తీశాను.

కటకం_కన్ను
దొరికింది! వరుసగా చూద్దాం. ఫ్రేము కట్టించాక తీశారంటే మధ్యలో గాజు ఉంది, గాజులో దీపం ఉంది, కొంచెం వెతికితే ఫోను పట్టుకున్న మీరూ ఉండి ఉంటారు. రాత్రి దీపం వెలుగు పసుపు కాబట్టి నీడలోని నీలం బూడిదగా మారి ఉంటుంది. వీటన్నింటికన్నా పెద్ద చిక్కు తెలుపుతో వస్తుంది. కెమెరా దృశ్యాన్ని కొలిచేటప్పుడు మొత్తం సగటున మధ్యస్థమైన బూడిద రంగులో ఉంటుందని అనుకుంటుంది. తెల్ల కాగితం ఎక్కువగా ఉన్న చిత్రాన్ని దానికి అప్పగిస్తే, ఇంత తెలుపు ఉండకూడదని వెలుతురు తగ్గించేస్తుంది. మీరు ఆరు పూతల మధ్య కాపాడుకున్న ఆ చార న్యాయనిర్ణేతల తెర మీద మాసిన గుడ్డ రంగులో కనబడి ఉంటుంది.

ఫ్రేములోంచి బయటికి తీయండి. మబ్బు పట్టిన పగలు గానీ, నేరుగా ఎండ పడని కిటికీ పక్కన గానీ నిలబెట్టండి. ఇంట్లో దీపాలన్నీ ఆర్పేయండి, లేకపోతే ఒక పక్క నీలంగా, ఒక పక్క పసుపుగా వస్తుంది. కృత్రిమమైన వెలుగే వాడాలంటే ఒకే రకం దీపాలు రెండు, చెరొక పక్క నుంచి నలభై అయిదు డిగ్రీల కోణంలో పడేలా పెట్టుకోవాలి. ఫోను చిత్రానికి మరీ దగ్గరగా ఉంటే అంచులు వంగుతాయి కాబట్టి రెండడుగులు వెనక్కి జరిగి, కొద్దిగా జూమ్ చేసి తీయండి. ఫోను చిత్రపు నడిబొడ్డుకు ఎదురుగా, చిత్రానికి సమాంతరంగా ఉండాలి. తెలుపు తెలుపుగా వచ్చేదాకా ఎక్స్‌పోజర్, అంటే కెమెరా తీసుకునే వెలుతురు, పెంచండి, కానీ తేలికైన పూతలు ఎగిరిపోకుండా చూసుకోండి. చివరికి తెరలన్నింటికీ సరిపడే ఎస్‌ఆర్‌జీబీ అనే కలర్ ప్రొఫైల్‌లో సేవ్ చేయండి. వేరే కలర్ ప్రొఫైల్‌లో ఉన్న ఫైలు కొన్ని తెరల మీద వెలవెలబోయినట్టు కనబడుతుంది.

పాత_కుంచె
కటకం గారు చెప్పినవన్నీ నిజమే గాని, తప్పంతా ఫోటో మీదికి నెట్టేయడం నాకు నచ్చలేదు. ఓడిన ప్రతివాడికీ అది తీయటి మందు. చిత్రం మంచిదే, ఫోటో చెడ్డది అనుకుంటే రాత్రి నిద్ర బాగా పడుతుంది. నీడ గారూ, ఒకే చిత్రాన్ని మూడు చోట్లకు పంపారు. ఆ మూడు పోటీల్లో గతంలో గెలిచిన చిత్రాలు ఎలాంటివో చూశారా? నేను ముప్ఫై ఏళ్ళుగా ఆయిల్ రంగులతో వేస్తున్నాను, మొదటి పదేళ్ళు చూడలేదు. పూల చిత్రాల పోటీకి వానలో తడిసిన రోడ్డును పంపి, కళ తెలియని మూర్ఖులని తిట్టుకున్న ఘనుణ్ణి నేను.

తెల్ల_కాన్వాస్
రోడ్డు పక్కన ఒక పువ్వు వేసి పంపవలసింది.

పాత_కుంచె
రెండో ఏడు అదీ చేశాను. మూడో బహుమతి వచ్చింది. ఆ చిత్రాన్ని ఇప్పటికీ గోడ వైపు తిప్పే పెట్టాను.

గీతల_గూడు
న్యాయనిర్ణేతలు తప్పు చేస్తారా అనే ప్రశ్నకు చరిత్రలో అవునని చెప్పే సాక్ష్యాలకు కొదవ లేదు. 1863లో పారిస్ సలోన్ అనే అధికారిక చిత్రప్రదర్శన జ్యూరీ ఎంత కఠినంగా వ్యవహరించిందంటే, వచ్చినవాటిలో సగానికి పైగా చిత్రాలను తిప్పికొట్టింది. గొడవ పెద్దదవడంతో మూడో నెపోలియన్ చక్రవర్తి తిరస్కరించినవాటిని కూడా ప్రదర్శించమని ఆదేశించాడు. ఆ తిరస్కృతుల ప్రదర్శనలోనే తరువాత ఎంతో పేరు పొందిన ఎడ్వార్ మానే వేసిన గడ్డి మీద భోజనం అనే చిత్రమూ, విస్లర్ వేసిన తెల్ల దుస్తుల అమ్మాయి చిత్రమూ ఉన్నాయి. జనం నవ్వుకోవడానికే వెళ్ళారు. ఆనాడు సలోన్‌లో పతకాలు అందుకున్నవారి పేర్లు ఇవాళ ఎంతమందికి గుర్తున్నాయి?

చెరిపే_రబ్బరు
ఆ ప్రదర్శనలో వేలాడిన మిగతా వందల మంది పేర్లు కూడా ఎవరికీ గుర్తులేవు కదా. తిరస్కరించిన ప్రతివాడూ మానే అయిపోతే నేను ఈపాటికి మ్యూజియంలో ఉండవలసినవాణ్ణి.

గీతల_గూడు
ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. అయితే ఇంకో ఉదాహరణ చూడండి, దీనిలో ఓడినవాడికీ గెలిచినవాడికీ ఇద్దరికీ మేలే జరిగింది. 1401లో ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో బాప్టిస్టరీకి, అంటే బాప్తిస్మాలిచ్చే మందిరానికి, కంచు తలుపులు చేయించడానికి పోటీ పెట్టారు. పోటీలో నిలిచిన ఏడుగురూ నమూనాగా ఒక్కో కంచు పలక చేయాలి, అందరికీ ఇచ్చిన అంశం ఒక్కటే, అబ్రహాం తన కొడుకు ఇస్సాకును బలివ్వబోయే ఘట్టం. ఇరవై మూడేళ్ళ గిబెర్టి గెలిచాడు, బ్రునెల్లెస్కి ఓడాడు. వాళ్ళిద్దరి పలకలూ ఇప్పటికీ ఫ్లోరెన్స్‌లోని బార్జెల్లో మ్యూజియంలో పక్కపక్కనే ఉన్నాయి. గిబెర్టి పలకను చాలామటుకు ఒకే పోతగా పోశాడు, దానికి పట్టిన కంచు కూడా తక్కువ. డబ్బు పెట్టే సంఘం వారికి ఇది కంటికి ఆనకుండా ఉంటుందా? కళ ఒక్కటే చూశారని అనుకోలేము. బ్రునెల్లెస్కి తరువాతి కాలంలో అదే ఊళ్ళో కథెడ్రల్ మీద మహా గుమ్మటాన్ని లేపాడు.

ఇందులో నాకు నచ్చినది మరొకటి. అందరూ ఏకగ్రీవంగా నన్నే ఎన్నుకున్నారని గిబెర్టి తన రాతల్లో చెప్పుకున్నాడు. బ్రునెల్లెస్కి జీవితచరిత్ర రాసినాయనేమో, పనిని ఇద్దరికీ కలిపి ఇవ్వజూపారు, మా వాడే ఒప్పుకోలేదు అని రాశాడు. ఆరు వందల ఏళ్ళ కిందట కూడా ఫలితాల తరువాతి కబుర్లు మనలాగే ఉన్నాయన్నమాట.

ఫ్రేము_పని
అసలు చిత్రాన్ని పంపవలసిన దశ వస్తే ఏం జరుగుతుందో కూడా రాయాలి. నా కూతురి పాస్టెల్ (పొడి సుద్దలాంటి రంగు) చిత్రం రెండో వడపోతకు ఎంపికైంది. గాజు వేసిన ఫ్రేములో పంపాము. దారిలో గాజు పగిలి, పెంకు ఒకటి చిత్రంలోని చిన్నపిల్ల బుగ్గ మీదుగా గీసుకుపోయింది. చిత్రం అట్టపెట్టెలోంచి బయటికి తీసిన వ్యక్తి వేలు కూడా తెగిందట. పంపేటప్పుడు అయిన నష్టానికి మా బాధ్యత లేదని నియమాల్లో పదకొండో అంశంగా ముందే రాసి ఉంది. మేము చదవలేదు.

అప్పటి నుంచి దూరానికి పంపే వేటికీ గాజు వేయను, ఆక్రిలిక్ అనే పారదర్శక ప్లాస్టిక్ షీటే వేస్తాను. అది గాజులా పగలదు గాని పాస్టెల్ పొడిని స్థిర విద్యుత్తుతో లాగేస్తుంది కాబట్టి మౌంటు, అంటే చిత్రం చుట్టూ వేసే అట్ట, మందంగా వేసి, షీటుకూ చిత్రానికీ మధ్య ఖాళీ ఉంచాలి. వెనకవైపు రంపపు పళ్ళ కొక్కెం బిగిస్తే చాలాచోట్ల తీసుకోరు, రెండు పక్కలా రింగులు బిగించి మధ్యలో తీగ కట్టమంటారు.

గులాబీ_పాలెట్
నియమాలు చదవడం గురించి నా అనుభవం ఇంకొంచెం చేదుగా ఉంటుంది. ఒక ఆన్‌లైన్ పోటీలో నాకు ప్రశంసాపత్రం వచ్చింది. ఇల్లంతా పండగ చేసుకున్నాము. కొన్ని నెలల తరువాత నా చిత్రం ఒక క్యాలెండరు మీద కనబడింది. నిర్వాహకులను అడిగితే, ఎంట్రీ పంపిన రోజే మీరు హక్కులన్నీ మాకు బదిలీ చేశారు, అంగీకరిస్తున్నాను అనే గడిలో టిక్కు పెట్టారు అన్నారు. గెలిచినవాళ్ళవే కాదు, పాల్గొన్న అందరి చిత్రాలకూ అదే షరతు. పోటీ ప్రచారం కోసం చిత్రాన్ని వాడుకోవడానికి అనుమతి అడగడం వేరు, కాపీరైటును రాయించుకోవడం వేరు. అనుమతి అయితే ఎందుకు, ఎంతకాలం అని రాసి ఉండాలి. శాశ్వతంగా, అన్ని మాధ్యమాల్లో, తిరిగి తీసుకోవడానికి వీలు లేకుండా అనే మాటలు కనబడితే నేను పేజీ మూసేస్తున్నాను.

తెల్ల_కాన్వాస్
ఎంపికయ్యారు, అభినందనలు, గోడ మీద చోటుకు ఇంత కట్టండి, పుస్తకంలో పేజీకి ఇంత కట్టండి, పతకానికి ఇంత కట్టండి అని వచ్చే ఉత్తరాల సంగతి కూడా చెప్పండి. నాకు తెలిసి అటువంటి చోట ఎవరినీ తిరస్కరించరు. నీడ గారికి చింతిస్తున్నాము అని రాసినవాళ్ళు కనీసం నిజాయితీపరులు.

ఒకప్పటి_జ్యూరీ
ఎంట్రీ ఫీజు ఉన్నంత మాత్రాన మోసమని అనలేము. హాలు అద్దె, చిత్రాలు వేలాడదీయడం, తిరిగి పంపడం, వీటన్నింటికీ ఖర్చు ఉంటుంది. న్యాయనిర్ణేతల పేర్లు ముందుగా ప్రకటించారా, గత ఏడు గెలిచిన చిత్రాలు చూపిస్తున్నారా, ఎంపికైన తరువాత మళ్ళీ డబ్బు అడుగుతున్నారా అనేవి చూసుకుంటే చాలావరకు తెలిసిపోతుంది.

అక్కడికక్కడే
మీరంతా ఇంట్లో వేసి పంపే పోటీల గురించే మాట్లాడుతున్నారు. నేను అక్కడే కూర్చుని వేసే పోటీలకే వెళతాను. అంశం చెప్పాక మూడు గంటలు, ముద్ర వేసిన కాగితం వాళ్ళే ఇస్తారు. ఫోటో గొడవ లేదు, పార్సిల్ గొడవ లేదు. ఒకసారి వాన పట్టింది. గాలిలో తేమకు మొదటి పూత నలభై నిమిషాలైనా ఆరలేదు. పక్కన త్వరగా ఆరే ఆక్రిలిక్ రంగులు వేస్తున్న అమ్మాయి నాలుగో పూతలో ఉంది. నేను కాగితాన్ని ఒళ్ళో పెట్టుకుని విసురుకుంటూ కూర్చున్నాను. చివరికి ఆరని ఆకాశంలోకే చెట్లు దింపేశాను, రంగు పాకి చెట్లన్నీ పొగమంచులో ఉన్నట్టు వచ్చాయి. రెండో బహుమతి ఇచ్చి, ఆ మంచును ప్రత్యేకంగా మెచ్చుకున్నారు. నేను నోరు మెదపలేదు.

సీసపు_మొన
ఇప్పుడు బయటపెట్టేశారు కదా.

లేత_చిగురు
నేను ట్యాబ్లెట్ మీద వేస్తాను. మాది డిజిటల్ విభాగం. 2022లో అమెరికాలోని కొలరాడో స్టేట్ ఫెయిర్ పోటీలో డిజిటల్ విభాగపు మొదటి బహుమతి మిడ్‌జర్నీ అనే కృత్రిమ మేధ (ఏఐ) ప్రోగ్రాముతో తయారుచేసిన చిత్రానికి వెళ్ళింది. ఆ మాట బయటికొచ్చాక పెద్ద రభస జరిగింది. ఆ ప్రభావం మా మీద పడింది. ఇప్పుడు కొన్ని పోటీలు లేయర్లతో, అంటే ఒకదానిపై ఒకటి వేసిన పొరలతో, సహా అసలు ఫైలు పంపమంటున్నాయి, కొన్ని చిత్రం వేస్తుండగా తీసిన వీడియో అడుగుతున్నాయి. నాకు అభ్యంతరం లేదు గాని, ఒకే లేయరు మీద వేసే అలవాటు ఉన్నవాళ్ళ పరిస్థితి ఏమిటి? నిజంగా చేత్తో వేసినదాన్ని కూడా నిరూపించుకోవలసి వస్తోంది.

పాత_కుంచె
ఫోటో వచ్చిన కొత్తలో పోర్ట్రెయిట్ చిత్రకారులు కూడా ఇలాగే గగ్గోలు పెట్టారు.

లేత_చిగురు
అప్పట్లో ఎవరూ ఫోటోను తీసుకొచ్చి ఇది నేను కుంచెతో వేశానని చెప్పుకోలేదు కదండీ. నేను అడుగుతున్నది ఆ విషయమే.

పాత_కుంచె
ఒప్పుకుంటున్నాను, అది సరైన తేడాయే.

గీతల_గూడు
అమెచ్యూర్లమని మనం ఇక్కడ చిన్నబుచ్చుకుంటున్నాము కాబట్టి ఒక్క ముచ్చట చెప్పి ఊరుకుంటాను. 1912 నుంచి 1948 వరకు ఒలింపిక్స్‌లో చిత్రలేఖనానికి, శిల్పానికి, సంగీతానికి, సాహిత్యానికి, వాస్తుకళకు పతకాలిచ్చారు. అంశం మాత్రం క్రీడలకు సంబంధించినదై ఉండాలి. చివరికి ఎందుకు ఆపేశారంటే, ఆటలన్నీ అమెచ్యూర్లకే అయినప్పుడు కళల్లో పాల్గొనేవాళ్ళలో ఎక్కువమంది వృత్తి కళాకారులైపోయారని. 1948లో జాన్ కోప్లీ అనే బ్రిటిష్ చిత్రకారుడు చెక్కుడు చిత్రాల విభాగంలో రజతం గెలిచాడు. అప్పటికి ఆయన వయసు 73.

చెరిపే_రబ్బరు
అయితే నాకింకా చాలా టైముంది.

నీటిరంగు_నీడ
నాలుగు రోజులుగా రాయలేదు, మన్నించాలి. నిన్న మబ్బు పట్టింది. చిత్రాన్ని ఫ్రేములోంచి విప్పి, కిటికీ పక్కన నిలబెట్టి, కటకం గారు చెప్పినట్టే తీశాను. పాత ఫోటోను, కొత్త ఫోటోను పక్కపక్కన పెట్టి చూస్తే నాకే సిగ్గేసింది. పాతదాంట్లో వెలుగు చార లేదు. ఉండవలసిన చోట ముద్దగా బూడిద రంగు ఉంది. దాని పైన దీపం ప్రతిబింబం మాత్రం గుండ్రంగా, చక్కగా మెరుస్తోంది. న్యాయనిర్ణేతలు దాన్నే చిత్రంలోని వెలుగు అనుకుని ఉంటారు.

అయితే పాత కుంచె గారి మాట కూడా మరిచిపోలేదు. జ్యూరీ గారు అన్నట్టు ఫోటోను గోరంత సైజుకు కుదించి చూశాను. వెలుగు చార కనబడుతోంది, కానీ అది ఎక్కడిదో అర్థం కావడం లేదు, ఎందుకంటే గ్లాసు వెనక గోడను కూడా ఇంచుమించు అంతే తేలిక రంగులో వదిలేశాను. ఏడాదిన్నరకు పైగా రోజూ చూస్తున్న చిత్రంలో ఇది నాకు ఒక్కసారి కూడా కనబడలేదు. గోడ మీద ఇంకో పూత వేద్దామంటే అంచు చెడుతుందేమోనని భయంగా ఉంది.

ఒకప్పటి_జ్యూరీ
దాన్ని ముట్టుకోకండి. అదే అమరికతో మళ్ళీ కొత్తగా వేయండి. ముందుగా చేతివేలంత స్కెచ్చులు మూడు నాలుగు, గోడ నీడను ఒక్కో దాంట్లో ఒక్కో స్థాయికి పెంచుతూ వేసుకుని చూడండి. రెండు చిత్రాలూ మీ దగ్గర ఉంటాయి.

పాత_కుంచె
నా మాట కన్నా ఇది మెరుగైన సలహా. ఎండ కోణం మారకముందే మొదలుపెట్టండి.

నీటిరంగు_నీడ
ఈ ఆదివారం మొదలుపెడతాను. ఈలోగా పాత చిత్రాన్నే కొత్త ఫోటోతో నాలుగో పోటీకి పంపుతున్నాను, గడువు ఎల్లుండి. గత ఏడు గెలిచినవి చూశాను, మూడింట్లో రెండు నా గ్లాసులాంటి వస్తువుల నిశ్చల చిత్రాలే. హక్కుల షరతు చదివాను, ప్రచారానికి ఒక్క ఏడాది అనుమతి మాత్రమే అడిగారు. ఫారంలో ఒకచోట ఆగిపోయాను. పరిమాణం అని ఉంది. ఫ్రేముతో కలిపి రాయాలా, చిత్రం ఒక్కటే రాయాలా?

ఫ్రేము_పని
విడిగా అడగకపోతే రెండూ రాయండి, ఏది ఏదో పక్కన చెప్పండి. ఎత్తు ముందు, వెడల్పు తరువాత. తలకిందులుగా రాసినందుకు నిలువు చిత్రాన్ని అడ్డంగా వేలాడదీసిన సందర్భం నాకు తెలుసు.

తెల్ల_కాన్వాస్
దానికి బహుమతి వచ్చిందా?

ఫ్రేము_పని
ప్రోత్సాహక బహుమతి వచ్చింది.